ఒకే పనికి రెండు సంతకాలు

"నాలుగొద్దులాయె వాడు కడుపునిండ తినక. నీకు కండ్లు కనవడ్తలేవా పిల్లా?"

ముత్తవ్వ గొంతు వంటింటి గడప దాటి వచ్చింది. ఉమారాణి పొయ్యి మీది చాయ వైపే చూస్తూ నిలబడింది. చాయ పొంగి, గిన్నె అంచు దాటి, మంట మీద పడి చుయ్యిమంది. ఆమె దించలేదు.

"పెట్టిన అత్తా. కంచం ముందట పెట్టిన. ముట్టకపోతే నేనేం జెయ్యాలె?"

"కంచం పెడితే తింటడా? ముందుగాల ఆ కాగితం ఇంట్లకెల్లి తియ్యి."

ఆ కాగితం దేవుడి పటాల కింద, పసుపు డబ్బా పక్కన మడిచి ఉంది. పెద్ద పనులు నడిపించేవాళ్ళకు పట్టా ఇచ్చే పీఎంపీ పరీక్షకు ఉమారాణి పెట్టుకున్న దరఖాస్తు నకలు అది. ఎనిమిది నెలలు తెల్లవారకముందే లేచి, ఫోన్లో పాఠాలు విని, నోటు పుస్తకాలు నింపి పంపిన దరఖాస్తు. పరీక్ష వాళ్ళు చీటీ తీసినట్టు కొందరి పేర్లు తీసి, 'మీరు రాసిన అనుభవం నిజమేనని మీ పనిని చూసిన పెద్దల సంతకం పంపండి' అంటారు. ఆ చీటీలో ఆమె పేరు వచ్చింది. తొంభై రోజుల గడువులో ఇంకా మూడే మిగిలాయి.

సంతకం చేయాల్సిన మనోహర్ సారు అప్పట్లో సాంచెలు, అంటే మరమగ్గాలు నడిపే నేత సంఘానికి కార్యదర్శి. ఇప్పుడు జగిత్యాలలో కూతురింట్లో ఉంటున్నాడు. ఇవాళ అని, రేపు అని, మనుమరాలి బారసాల అయ్యాక అని ఇన్నాళ్ళూ తిప్పాడు.

పోయిన ఆదివారం పదో తరగతి చదివే కూతురు మనీషా, ఇంగ్లీషులో ఉన్న ఆ కాగితాన్ని తండ్రికి తెలుగులో చదివి వినిపించింది. 'అరవై నాలుగు సాంచెల మీద మూడేళ్ళ బడిబట్టల పనిని నేను నడిపించాను. ఏ సాంచె మీద ఏ రోజు ఏ బట్ట ఎక్కాలో నేను నిర్ణయించాను.' చదివి, ఏమీ తెలియని పిల్లలా అడిగింది. "మరి బాపు ఏం జేసిండే అమ్మా?"

అప్పటి నుంచి భర్త దివాకర్ నోరు మూతపడింది.

"అత్తా, గది తీస్తే మన బతుకు బాగుపడ్తదా?" ఉమారాణి గిన్నె దించింది. "పరీక్ష పాసైతే ఊరవతల కట్టే కుట్టు ఫ్యాక్టరీల పనులు చూసే నౌకరి ఇస్తమన్నరు. సంతకం పోకుంటే ఏడాది దాక మల్ల దరఖాస్తు పెట్టరాదు. నౌకరి ఏడాది దాక ఆగుతదా?"

"నీ నౌకరి సంగతి నాకెందుకు? నా కొడుకు మొకం సంగతి చెప్పు."

ఉమారాణి చాయ గ్లాసులోకి వంచింది. ఇంటి ఎనిమిది సాంచెల్లో ఆరు తుక్కు లారీ ఎక్కాయి. దివాకర్ పాస్‌పోర్టు కోరుట్లలో గల్ఫు ఏజెంట్ దగ్గరికి చేరింది. తనకు కొలువు దొరికితే ఆ పాస్‌పోర్టు వెనక్కి తెచ్చుకోవచ్చు. తాను చదివిందే అందుకు. ఆ మాట దివాకర్‌కు చెప్పానా? చెప్పాననే అనుకుంది ఆమె. చెప్పిన రోజు మాత్రం గుర్తుకు రాలేదు.

చాయ గ్లాసు పట్టుకొని ఇంటి వెనక సాంచెల షెడ్డులోకి వెళ్ళింది.

మామ దశరథం అక్కడ సున్నం బకెట్ ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. మూడు గోడలు అప్పటికే తెల్లబడ్డాయి. నాలుగో గోడ మీద నిలువుగీతలు, అడ్డగీతలు, గళ్ళ నిండా సుద్దముక్కతో రాసిన అంకెలు. నూలు ఎప్పుడొచ్చింది, నూలు చుట్టిన భీము ఏ ఆసామి సాంచెకు ఎక్కింది, బట్ట ఎప్పుడు దిగింది, అన్నీ వరసగా ఉన్నాయి. మూడేళ్ళపాటు ఉమారాణి రాసిన రాత అది.

"మామా! ఆ గోడొక్కటి ఆపుండ్రి!" అని అరిచింది.

సాంచెలు ఆగిపోయి ఆరు నెలలైనా ఆ షెడ్డులో అడుగుపెడితే గొంతు దానంతటదే లేస్తుంది. ఆ మోతలో ఏళ్ళ తరబడి మాట్లాడిన గొంతు అది. అక్కడ ఎవరూ ఎన్నడూ మెల్లగా మాట్లాడింది లేదు.

"ఏందీ?"

"గోడ! సున్నం ఎయ్యకుండ్రి!"

"ఎరువుల దుకాణపాయన ఎల్లుండి బస్తాలు దించుతడు. కిరాయికి ఇచ్చినంక గోడ మీద నీ సుద్దగీతలు ఆయనకేం పని?"

"నాకు పనున్నది."

ముసలాయన కుంచె బకెట్ అంచుకు రుద్దాడు. "చూడు కోడలా. సాంచె ఎవలి పేరు మీదుంటే పని వాళ్ళ పేరు మీదనే ఉంటది. ఇది నేను పెట్టిన కానూన్ కాదు. మా అవ్వ నలభై ఏండ్లు కండెలు చుట్టింది. చీర మాత్రం మా బాపు నేసిండనే అన్నరు ఊరోళ్ళు. ఆమె ఏనాడన్న సంతకం అడిగిందా?"

"ఎవలన్న ఆమెనే అడిగితే ఏం చెప్తుండెనో మామా?"

కుంచె గాలిలో ఆగింది. ఆయన విన్నాడో లేదో తెలియదు. సాంచెల మోత ఆయన చెవులను సగమే తీసుకుపోయిందనీ, మిగతా సగం ఆయనే వాడుకుంటాడనీ ఇంట్లో అందరికీ తెలుసు.

"చాయ ఆడ పెట్టు" అన్నాడు.

గ్లాసు పెట్టి తిరిగేసరికి గుమ్మంలో దివాకర్. గడ్డం పెరిగింది. నడుము ఆపరేషన్ అయినప్పటి నుంచి ఒక పక్కకు ఒరిగి నిలబడతాడు. ఇప్పుడు ఇంకొంచెం ఒరిగి ఉన్నాడు.

నాలుగు రోజుల తర్వాత మొదటిసారి నోరు విప్పాడు.

"మూడేండ్లు నేనేం జేసిన్నో జర నువ్వే చెప్పు ఉమా. కాగితంల నేను యాడ లేను గద."

ఆమె పెదవులు కదిలేలోపే వెళ్ళిపోయాడు.

*

వేములవాడలో బస్సు మారేటప్పుడు ఉమారాణి రాజన్న గుడి దిక్కు తిరిగి దండం పెట్టుకుంది. ఎప్పుడూ అడిగేది ఆరోగ్యం, పిల్ల చదువు. ఈసారి ఏం అడగాలో తోచలేదు. రాజన్న తండ్రీ, నువ్వు రిజిస్టర్ చూస్తవా, గోడ చూస్తవా? అలా అడగడం తప్పేమో అనిపించి, మళ్ళీ ఒకసారి చెంపలు వేసుకుంది.

జగిత్యాల టవర్ దగ్గరి సందులో, కూతురింటి వరండాలో మనోహర్ సారు మనుమరాలి ఉయ్యాల ఊపుతున్నాడు. ఉమారాణిని చూడగానే చెయ్యి ఆగింది. పాప కదిలింది. మళ్ళీ ఊపాడు.

"రా బిడ్డా, కూసో. నీళ్ళు తాగు."

"నీళ్ళద్దు సారూ. ఇంక మూడొద్దులే ఉన్నయి. సంతకం పెట్టుండ్రి, పోత."

ఆయన లేచి లోపలికి వెళ్ళి, గోనెగుడ్డలో చుట్టిన మూడు రిజిస్టర్లు తెచ్చాడు. ఒకటి తెరిచి ఆమె ముందు పెట్టాడు.

"ఇది ఎవలి సంతకం?"

ప్రతి పుటలో, ప్రతి వరస చివర ఒకటే సంతకం. దివాకర్.

"సారూ, మీకెరుక లేనిదా..."

"ఎవలి పేరు బిడ్డా ఇది?"

"మా ఆయన పేరు."

"రాసిన చెయ్యి?"

ఉమారాణి తల దించుకుంది. "నాదే."

బడిబట్టల పని సంఘానికి వచ్చిన మొదటి రోజు ఆమెకు కళ్ళకు కట్టింది. సొంత సాంచెలున్న పదకొండు మంది ఆసాములు చాప మీద కూర్చున్నారు. 'పనుల మీద నిగరాని పెట్టి చూసుకునేది ఎవలు? పేరు చెప్పుండ్రి, రాసుకుంట' అన్నాడు మనోహర్ సారు. అందరూ ఆమె దిక్కే చూశారు. లెక్క కట్టి, ఎవరి సాంచెకు ఎంత పని పంచాలో ముందు రోజు చెప్పింది ఆమే మరి. తలుపు పక్కన నిలబడి, కొంగు భుజం మీదికి లాక్కుని, 'మా ఆయన పేరు రాయుండ్రి సారూ' అన్నది కూడా ఆమే. ఎవరూ బలవంతం చేయలేదు. అది తప్పని ఆ రోజు అక్కడ ఒక్కరికీ తట్టలేదు. ఆమెకైతే పూలు పెట్టుకున్నంత సంతోషమైంది.

కడుపు చించుకుంటే కాళ్ళ మీదనే పడుతుందంటారు. ఇప్పుడు ఎవరి మీద పడాలి?

"నేను చూసిన బిడ్డా" మనోహర్ సారు గొంతు తగ్గించాడు. "రెండో ఏడు శ్రావణంల పన్నెండొద్దులు నూలు రాలె. దివాకర్ కామెర్లతోని మంచంల ఉండె. పొద్దుకు నాలుగుసార్లు నాకు ఫోన్ చేసిందెవలు? చేతికాడ ఉన్న నూలంత ఇరవై సాంచెల మీదికి మళ్ళిచ్చిందెవలు? నాకు ఎరుక లేదనుకుంటున్నవా?"

"మరి గదే రాసి సంతకం పెట్టుండ్రి!"

ఉయ్యాల తాడు కిర్రుమంది.

"మొన్న దివాకర్ అచ్చిండు."

"యాడికి?"

"ఈడికే. నువ్వు కూసున్న కుర్చీలనే కూసున్నడు. షార్జాల బట్టల గోదాముకు నిగరాని మనిషి కావాలెనట. మూడేండ్లు పని చూసుకున్నట్టు కాగితం ఉంటే గా వీసా ఇస్తరట. లేకుంటే బస్తాలు మోసే వీసా. ఆ నడుముతోని బస్తాలు మోస్తడా?"

ఉమారాణి చేతిలోని సంచి ఒళ్ళోకి జారింది.

"పెట్టిండ్రా సారూ?"

"రిజిస్టర్ల ఆయన పేరే ఉన్నది. ఎట్ల పెట్టనంటా?"

"నేను అస్తనని చెప్పిండ్రా?"

ఆయన పాప మీది గుడ్డ సర్దాడు.

"చెప్పిన. నీ భార్య గుడ ఇదే పనికి సంతకం అడుగుతున్నది, ఒక్క పనికి రెండు సంతకాలు పెడితే నేను దొంగనయిత అన్న. తల వంచుకొని కూసున్నడు. అటెన్క 'నాకే పెట్టుండ్రి సారూ' అన్నడు."

పాప లేచి ఏడుపు అందుకుంది. ఆ ఏడుపులోనే మనోహర్ సారు చివరి మాట చెప్పాడు. "ఆయన ఆ కాగితం వాపస్ తెచ్చి, ఈ పని నేను చూడలె, నా భార్య చూసిందని తన చేత్తో రాసిస్తే, నేను ఎల్లుండి పగటీలి దాక ఈన్నే ఉంట. నా చేతుల ఉన్నది గంతే బిడ్డా."

*

జగిత్యాల నుంచి ఉమారాణి నేరుగా సిరిసిల్లలోని ఇంటికి పోలేదు. కాళ్ళు కోరుట్ల బస్సు ఎక్కాయి. తల్లి ఇల్లు గుర్తొచ్చే వయసు దాటిపోయిందనుకుంది ఇన్నాళ్ళూ.

శంకరవ్వ అరుగు మీద చాట ఒళ్ళో పెట్టుకొని బీడీలు చుడుతోంది. బిడ్డను చూసి వేళ్ళు ఆపలేదు. ఆకులో తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి, చాటలో వేసి అప్పుడు అన్నది.

"నిన్న అల్లుడచ్చిండు. నేడు నువ్వచ్చినవు. ఇద్దరు కలిసి అచ్చుడు మర్సిపోయిండ్రా?"

"ఏమన్నడే?"

"ఏమనలె. ఏజెంట్ కాడ కాగితం ఇచ్చి అచ్చిన అత్తా, ఎల్లుండి పదకొండు గంటలకు ఫోన్ల మాట్లాడుతరట అన్నడు. అన్నం తినుమంటే తిన్నడు."

"తిన్నడా?"

"రెండుసార్లు పెట్టిచ్చుకున్నడు."

ఉమారాణికి కోపం రావాలి. కళ్ళలో నీళ్ళు వచ్చాయి. తన చేతి అన్నం నాలుగు రోజులుగా చల్లారిపోతోంది.

"ఏడ్సిండా?"

"మొగోడు అత్త ముందట ఏడుస్తడా? మొకం కడుక్కుంటనని బోరింగు కాడికి పోయి మస్తుసేపు నిలవడ్డడు. నీళ్ళ సప్పుడైతే ఇనరాలె."

ఉమారాణి జరిగిందంతా చెప్పింది. రిజిస్టర్, సంతకం, మనోహర్ సారు మాట. చెబుతూ చెబుతూ తునికాకు ఒకటి తీసి అలవాటుగా కత్తెరతో కొలతకు కత్తిరించింది. పెళ్ళికి ముందు పదేళ్ళు ఈ అరుగు మీద చేసిన పని అది.

"నీకు గిదంత ఎట్ల తెలుస్తది లేవే. నీ బీడీల కార్డు నీ పేరు మీదనే ఉన్నది."

శంకరవ్వ వేళ్ళు మొదటిసారి ఆగాయి.

"ఉన్నది. మీ బాపు బతికినన్నొద్దులు ఆకు కత్తిరిచ్చి ఇచ్చింది ఆయననే. పొద్దంత కత్తిరిచ్చేది. కార్డుల ఒక్కనాడు గుడ ఆయన పేరు ఎక్కలె. ఆయన మనసుకు ఏమన్న అనిపిచ్చిందో లేదో..." చాటలోని బీడీల వైపు చూసింది. "నేను గుడ అడగలె బిడ్డా."

ఉమారాణి ఇంకో ఆకు తీసుకుంది. అరుగు మీద కత్తెర చప్పుడే వినిపించింది. ఎండ వాకిలి దాటకముందే ఉమారాణి లేచింది.

"ఏం జేస్తవు?" తల్లి అడిగింది.

"ఎరుక లేదే."

"దీపం పెట్టి దేవున్ని అడుగు."

"అడిగిన. ఆయన గుడ రిజిస్టరే చూస్తున్నట్టున్నడు."

"తప్పు. గట్ల అనరాదు" అని తల్లి కసిరింది. కానీ ఆ కసురులో బలం లేదు.

*

మర్నాడు పదిన్నరకు దివాకర్ గడ్డం గీసుకొని, ఇస్త్రీ చొక్కా వేసుకొని షెడ్డులోకి వచ్చాడు. ఇంట్లో ఫోను సరిగ్గా అందదు. ముత్తవ్వ వెనకే వచ్చి కొడుకు నొసట రాజన్న విభూతి పెట్టింది. దశరథం మిగిలిన రెండు సాంచెల్లో ఒకదాని మీద చెయ్యి ఆనించి స్టూలు మీద కూర్చున్నాడు.

ఉమారాణి లోపలికి వచ్చి నాలుగో గోడను చూసింది. సున్నం వేయలేదు. బకెట్లో సున్నం మీద పొర కట్టింది. మామ మొహం చూసింది. ఆయన పైకప్పు చూస్తున్నాడు.

"మనోహర్ సారు కాడికి పోయిన" అన్నది దివాకర్‌తో.

"ఎరుకే. ఫోన్ చేసిండు."

"ఒక్క మాట నాకు చెప్పద్దా?"

"నువ్వు చెప్పినవా, ఆ కాగితం రాసేటప్పుడు? నా బిడ్డ చదివితే ఎరుకాయె నాకు, నేనేం జెయ్యలేదని."

"నువ్వేం జెయ్యలేదని నేను రాయలె!"

"చేసిన్నని యాడ రాసినవ్?"

"ఇద్దరు లొల్లి పెట్టకుండ్రి" అన్నది ముత్తవ్వ. "శుభమా అని ఫోన్ వచ్చే యాళ్ళ."

"నాలుగు రాత్రులు సాంచెల కాడ నిలవడ్డ ఉమా, నీ తారీఖు తప్పకుండ. జ్వరం ఉన్ననాడు గుడ నిలవడ్డ." దివాకర్ పక్కనున్న సాంచెను తట్టాడు. "దాన్ని ఇంగ్లీషుల ఏమంటరో నాకు రాదు. ఏమంటరు?"

దానికి ఆమె చదివిన పుస్తకాల్లో మాట ఉంది. ఆ మాట ఇప్పుడు నోటికి రాలేదు.

"నువ్వు పోవద్దనే చదివిన్నయ్యా" అన్నది.

దివాకర్ తలెత్తి చూశాడు. "గది నాకెప్పుడు చెప్పినవ్?"

ఫోన్ మోగింది.

తెర మీద గోదాము తరఫున మాట్లాడే కళ్ళద్దాల మనిషి. హిందీలో మాట్లాడాడు. భీవండిలో కాపురం చేసిన నాలుగేళ్ళలో భార్యాభర్తలిద్దరికీ ఆ భాష బాగానే వచ్చింది. సలాములయ్యాక ఆయన ఒక కాగితం చేతిలోకి తీసుకొని అడిగాడు. పని మొత్తం ఎన్ని సాంచెల మీద నడిచింది?

దివాకర్ గోడ వైపు తిరిగి నిలబడి ఉన్నాడు. ఆ చోటు కావాలనే ఎంచుకున్నాడని ఉమారాణికి అప్పుడు అర్థమైంది.

"అరవై నాలుగు సార్. పదకొండు మంది ఆసాముల దగ్గర."

పనిని ఎలా పంచేవారు?

దివాకర్ కళ్ళు గళ్ళ వెంట నడిచాయి. చొక్కాబట్ట ఏ సాంచెలకు, లాగుబట్ట ఏ సాంచెలకు, ఏ వారం భీములు మారేవి. ఒక్కొక్కటీ చెప్పుకొచ్చాడు. చెబుతున్నకొద్దీ గొంతులో జీవం వచ్చింది. ఒరిగిన నడుము కాస్త నిటారైంది.

తన రాత ఆయన నోట వినడం ఉమారాణికి వింతగా ఉంది. దాని అడుగున ఎక్కడో చిన్న గర్వం కూడా ఉంది. నేనెంత బాగా రాసిపెట్టిన, చూడకుండ చెప్పినట్టే చెప్తున్నడు అనుకుంది. అనుకున్నందుకు తన మీద తనకే జాలి కలిగింది.

కళ్ళద్దాల మనిషి కాగితం మీద వేలు పెట్టాడు. రెండో ఏడు నూలు పన్నెండు రోజులు ఆలస్యమైందని సంఘం వాళ్ళు రాశారు. అయినా బట్ట గడువుకే దిగిందట. అప్పుడు మీరేం చేశారు?

దివాకర్ కళ్ళు గోడ మీదికి వెళ్ళాయి. రెండో ఏడు, శ్రావణం. అక్కడ పన్నెండు గళ్ళు ఖాళీగా ఉన్నాయి.

ఆ పన్నెండు రోజులు ఆమెకు గోడ మీద రాసే తీరిక లేదు. దివాకర్ పక్క గదిలో పచ్చబడ్డ కళ్ళతో మంచంలో ఉన్నాడు. నూలు రాలేదని తెలిస్తే లేచి వస్తాడని, వచ్చి పడిపోతాడని, ఇంట్లో ఎవరినీ చెప్పనివ్వలేదు ఆమె. ఆయన లేచేసరికి సాంచెలన్నీ నడుస్తున్నాయి. తర్వాత చెప్పాల్సిన అవసరం రాలేదు.

"సార్... నూలు..." దివాకర్ పక్క గళ్ళలో వెతికాడు. "నూలు వచ్చింది సార్. తర్వాత వచ్చింది."

వచ్చేదాకా ఏం చేశారు?

దివాకర్ తల తిప్పి ఆమె వైపు చూశాడు. ఆ చూపు ఆమెకు కొత్తది కాదు. ఆపరేషన్ గదిలోకి తీసుకుపోయేటప్పుడు బండి మీద నుంచి చూశాడు అలా.

ముత్తవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, చేత్తో సైగ చేస్తోంది. చెప్పు, చెప్పు బిడ్డా. పదహారేళ్ళలో ఆమె తనను బిడ్డా అన్నట్టు పెదవులు కదపడం ఉమారాణి ఎరగదు.

చెవి దగ్గరికి పోయి నాలుగు మాటలు అందిస్తే చాలు. ఆయన గోదాములో నిలబడి పని చూసుకుంటాడు. తన కాగితానికి రేపు పగటితో గడువు తీరుతుంది. ఊరుకుంటే ఆయన ఆ వీసా పోగొట్టుకుంటాడు. పాస్‌పోర్టు మాత్రం అక్కడే ఉంటుంది. ఆ నడుము మీదికి బస్తా ఎక్కుతుంది. కుడితిలో పడ్డ ఎలుకకైనా అంచు కనిపిస్తుంది కాబోలు, తనకు కనిపించలేదు.

ఆమె రెండడుగులు ముందుకు వేసింది. ఆయన భుజం పక్కకు చేరింది. మెల్లగా చెబుదామనే నోరు తెరిచింది. అది మాత్రం నిజం, దేవుడి మీద ఒట్టు.

కానీ అది సాంచెల షెడ్డు. ఆ గొంతుకు ఇక్కడ మెల్లగా మాట్లాడటం రాదు.

"ఉన్న నూలంత ఇరవై సాంచెల మీదికి మళ్ళిచ్చి రెండు షిఫ్టులు నడిపిచ్చిన!" అన్నది హిందీలో. మోతను దాటించే ఆ పాత గొంతుతో, షెడ్డు రేకులు అదిరేలా అన్నది. "మిగిలిన నలభై నాలుగు సాంచెలను ఆ పన్నెండొద్దులల్ల మరమ్మతు చేయించిన. చిన్న పిల్లల బట్ట ముందు కావాలె, వాళ్ళయి కుట్టుడు ఎక్కువసేపు పడ్తదని సంఘంతోని ఒప్పిచ్చి అదే ముందు దింపిన. నూలు వచ్చిన గంటకు అరవై నాలుగు నడిచినయి."

చివరి మాట గోడకు తగిలి వెనక్కి వచ్చింది. అప్పుడు విన్నది ఆమె, తాను ఏమన్నదో. నడిపించాడని అనలేదు. నడిపించాననే అన్నది.

ముత్తవ్వ చెయ్యి గాలిలో ఉండిపోయింది. స్టూలు మీద దశరథం సాంచె మీది చెయ్యి తీయలేదు. ఈసారి మాత్రం ఆయన విననట్టు నటించలేదు.

తెర మీద మనిషి కళ్ళద్దాలు సర్దుకొని ముందుకు వంగాడు.

"ఎవరది మాట్లాడింది?"

ఆయన వేలితో కాగితాన్ని తట్టాడు.

"మిమ్మల్నే అడుగుతున్నాను. ఆ పని చేసింది ఎవరు?"

దివాకర్ ఆమె వైపు తిరిగాడు. ఆ ముఖంలో కోపం ఉందో, ఇంకేం ఉందో ఉమారాణికి చదవరాలేదు. పదహారేళ్ళ కాపురంలో ఆ ముఖాన్ని చదవలేకపోవడం ఇదే మొదలు.

ఆయన చేతిలో ఫోన్ మెల్లగా తిరగడం మొదలైంది. అది తన ముఖం వైపు వస్తోందో, ఊరికే పట్టు జారి తిరుగుతోందో ఆమెకు తెలియలేదు.

తెలిసింది ఒక్కటే. ఆయన బొటనవేలు తెర మీద, ఫోన్ పెట్టేసే ఎర్ర గుర్తు మీద ఆని ఉంది.